కరెంటు బిల్లును మీరే లెక్కకట్టి సరిచూసుకోవడం ఎలా?

ఎండాకాలం మొదలైతే చాలు, అవే ప్రశ్నలు మళ్లీ మళ్లీ వస్తుంటాయి. ఇంటికి తాళం వేసి ఊరెళ్లినా బిల్లు ఎందుకు వచ్చింది? పోయిన నెలకంటే నాలుగైదు యూనిట్లే ఎక్కువ కాలితే రెండు వందల రూపాయలు ఎలా పెరిగాయి? మీటరు పరుగెడుతోందా? బిల్లు కాగితాన్ని ముందు పెట్టుకుని కూర్చుంటే వీటిలో చాలావాటికి పావుగంటలో సమాధానం దొరుకుతుంది. మీటరును అనుమానించడం మాత్రం అన్నిటికన్నా చివర చేయవలసిన పని. ఎక్కువ ఇళ్లలో తేడా స్లాబు (ఇన్ని యూనిట్ల వరకు ఇంత రేటు అనే మెట్టు) దగ్గరో, రోజుల లెక్కలోనో, పాత బాకీల వరుసలోనో బయటపడుతుంది.

ఇక్కడి లెక్కలు తెలంగాణ, ఆంధ్రప్రదేశ్‌లలో ఇళ్లకు ఇచ్చే కనెక్షన్లవి. యూనిట్ రేట్లు 2022-23లో అమలులోకి వచ్చినవి. కొత్త టారిఫ్, అంటే రేట్ల పట్టిక, సాధారణంగా ఏప్రిల్ 1 నుంచి మొదలవుతుంది కాబట్టి, లెక్కకు కూర్చునే ముందు మీ డిస్కం (కరెంటు పంపిణీ చేసే సంస్థ) వెబ్‌సైటులో ఈ ఏడాది రేట్లు మారాయేమో ఒకసారి చూసుకోండి. రేట్లు మారినా లెక్క కట్టే పద్ధతి ఇదే.

కావలసినవి

- ఈ నెల బిల్లు, అంతకు ముందు నెల బిల్లు. ఏడాది బిల్లులు ఉంటే మరీ మంచిది. కాగితాలు పారేసి ఉంటే సర్వీసు నంబరు కొట్టి డిస్కం యాప్‌లోగానీ వెబ్‌సైటులోగానీ పాత బిల్లులు చూడవచ్చు.
- మీటరు ఫొటో తీయడానికి ఫోను.
- క్యాలిక్యులేటర్.
- మీటరును పరీక్షించే దాకా వెళితే, నీళ్లు కాచుకునే 1500 వాట్ల హీటర్ రాడ్డు. అదీ అక్కర పడితేనే.

1. బిల్లును మూడు కుప్పలుగా విడదీయండి

బిల్లు మీద పది పన్నెండు వరుసలు ఉంటాయి. అన్నీ ఒకేసారి చదవబోతే తల తిరుగుతుంది. పెన్ను తీసుకుని ఒక్కో వరుస పక్కన 1, 2, 3 అంకెలలో ఒకటి వేయండి.

మొదటి కుప్ప: వాడినా వాడకపోయినా వచ్చేవి. ఫిక్స్‌డ్ ఛార్జీ, కస్టమర్ ఛార్జీ ఇందులోకి వస్తాయి. ఫిక్స్‌డ్ ఛార్జీ మీ పేరున రాసి ఉన్న కాంట్రాక్టెడ్ లోడుకు, అంటే ఒకేసారి ఎంత కరెంటు లాగుతామని రాయించారో దానికి, కిలోవాట్‌కు ఇంత అని పడుతుంది. స్తంభం నుంచి మీ ఇంటికి తీగ లాగి, మీరు స్విచ్ వేసిన క్షణాన కరెంటు అందేలా లైనును సిద్ధంగా ఉంచినందుకు తీసుకునే అద్దె అది. కస్టమర్ ఛార్జీ మీటరు రీడింగు, బిల్లింగు లాంటి పనులకు. తాళం వేసిన ఇంటికీ బిల్లు వచ్చేది ఈ కుప్ప వల్లే.

రెండో కుప్ప: కాల్చిన యూనిట్లను బట్టి పెరిగేవి. ఎనర్జీ ఛార్జీ, విద్యుత్ సుంకం, ఇంధన సర్దుబాటు ఛార్జీ.

మూడో కుప్ప: ఈ నెల వాడకంతో సంబంధం లేనివి. పాత బకాయి, ఆలస్య రుసుము, అదనపు డిపాజిట్, డిపాజిట్ మీద వడ్డీ, గత సంవత్సరాల సర్దుబాట్లు. "బిల్లు రెట్టింపైంది" అని కంగారు పడే ముందు ఈ కుప్ప మొత్తం ఎంతో చూడండి. దాన్ని తీసేస్తే మిగిలిన బిల్లు పోయిన నెలలాగే ఉండవచ్చు.

మన రెండు రాష్ట్రాల్లో ఇళ్లకు ఫిక్స్‌డ్ ఛార్జీ సాధారణంగా నెలకు కిలోవాట్‌కు 10 రూపాయలు. 3 కిలోవాట్ల ఇంటికి 30 రూపాయలు. లైన్లు, ట్రాన్స్‌ఫార్మర్లు, సిబ్బంది జీతాలు ఈ డబ్బుతో గడవవు. ఆ ఖర్చులో అధిక భాగాన్ని యూనిట్ ధరలోనే కలిపేశారు. అందుకే ఇక్కడ స్లాబు లెక్క అంత ముఖ్యం. బెంగళూరులో ఉన్న మనవాళ్లు ఈ పద్ధతి అక్కడా చెల్లుతుందనుకుంటే పొరపాటు. కర్ణాటకలో 2024-25లో ఇళ్లకు యూనిట్ ధర స్లాబులేమీ లేకుండా 5.90 రూపాయలు, ఫిక్స్‌డ్ ఛార్జీ మాత్రం కిలోవాట్‌కు 120. అక్కడ అక్కర్లేని లోడు తగ్గించుకుంటే లాభం. ఇక్కడ స్లాబు దాటకుండా చూసుకుంటే లాభం.

2. రీడింగు, రోజులు సరిచూడండి

బిల్లు మీద పాత రీడింగు, కొత్త రీడింగు, వాటి తేదీలు ఉంటాయి. కొత్త దానిలోంచి పాతది తీసివేస్తే యూనిట్లు. పోయిన నెల బిల్లులో ఉన్న "కొత్త రీడింగు" ఈ నెల బిల్లులో "పాత రీడింగు"గా ఉండాలి. ఈ రెండూ కలవకపోతే లోపం అక్కడే ఉంది. మీటరు మార్చిన నెలలో మాత్రం కలవవు. అప్పుడు పాత మీటరు చివరి అంకె, కొత్త మీటరు మొదటి అంకె విడివిడిగా అడిగి తెలుసుకోండి.

ఇక మీటరు దగ్గరికి వెళ్లండి. ఈ రోజు మీటరులో కనిపించే అంకె బిల్లులోని కొత్త రీడింగు కంటే కొంచెం ఎక్కువగా ఉండాలి. తక్కువగా ఉంటే రీడింగు తప్పుగా నమోదైనట్లే. వెంటనే ఫొటో తీసి పెట్టుకోండి.

చాలామంది ఇక్కడ పొరబడతారు. ఎలక్ట్రానిక్ మీటరు తెర మీద తేదీ, సమయం, వోల్టేజి, గరిష్ఠ డిమాండ్, యూనిట్లు ఒకదాని తర్వాత ఒకటి మారుతూ కనిపిస్తాయి. అంకె పక్కన కేడబ్ల్యూహెచ్ అనే గుర్తు ఉన్నప్పుడు కనిపించేదే యూనిట్లు. కేవీఏహెచ్ అని ఉన్నది వేరు, ఒట్టి కేడబ్ల్యూ అని ఉన్నది వేరు. దశాంశ బిందువు తర్వాతి అంకెను కలిపి చదివితే యూనిట్లు పదింతలైనట్లు కనిపించి గుండె ఆగినంత పని అవుతుంది.

తర్వాత రోజులు లెక్కపెట్టండి. చూడవలసిన అంకె బిల్లు మొత్తం కాదు, రోజుకు ఎన్ని యూనిట్లు అన్నది. ఉదాహరణకు 34 రోజులకు 215 యూనిట్లు వచ్చాయనుకోండి. 215ను 34తో భాగిస్తే రోజుకు దాదాపు 6.3. అంటే 30 రోజులకు 190. మీ వాడకం 200 లోపే ఉంది, రీడింగు ఆలస్యం కావడం వల్ల 200 దాటినట్లు కనిపిస్తోంది (ఈ 200 ఎందుకంత ముఖ్యమో 3వ భాగంలో ఉంది). స్లాబును రోజుల ప్రకారం సర్దారో లేదో బిల్లులో చూడండి. సర్దకపోతే అది అడగవలసిన విషయం.

ఇందులో ఇంకో మెలిక ఉంది. ఈసారి 34 రోజులకు తీసిన రీడింగు వచ్చే నెల 27 రోజులకే తీయవచ్చు. ఒక్క నెల చూసి తీర్పు చెప్పకుండా రెండు నెలలు కలిపి రోజువారీ సగటు చూడండి. ఎండాకాలం బిల్లును చలికాలం బిల్లుతో పోల్చడం కూడా దండగ. నిరుటి ఇదే నెలతో పోల్చండి.

2020 లాక్‌డౌన్‌లో జరిగింది గుర్తుండే ఉంటుంది. తెలంగాణలో నెలల తరబడి రీడింగు తీయలేదు, ఆ మధ్య నెలలకు నిరుటి బిల్లు ప్రకారం కట్టమన్నారు, జూన్‌లో మొత్తం ఒకేసారి లెక్క తేల్చేసరికి జనం హడలిపోయారు. అలా ఎన్ని నెలల రీడింగు కలిసి వచ్చినా యూనిట్లను నెలలతో భాగించాకే స్లాబు చూడాలి.

3. ఎనర్జీ ఛార్జీ లెక్కకట్టండి (తెలంగాణ)

తెలంగాణలో మీ నెల వాడకాన్ని బట్టి మొదట ఒక వర్గం నిర్ణయమవుతుంది. ఆ వర్గం రేట్లే మొదటి యూనిట్ నుంచి వర్తిస్తాయి.

- నెలకు 100 యూనిట్ల లోపు: మొదటి 50కి యూనిట్‌కు 1.95, తర్వాతి 50కి 3.10.
- 100 దాటి 200 వరకు: మొదటి 100కి 3.40, తర్వాతి 100కి 4.80.
- 200 దాటితే: మొదటి 200కి 5.10, 201 నుంచి 300 వరకు 7.70, 301 నుంచి 400 వరకు 9.00, 401 నుంచి 800 వరకు 9.50, ఆపైన 10.00.

ఇప్పుడు ఈ రెండు లెక్కలు పక్కపక్కన చూడండి.

200 యూనిట్లు: 100 × 3.40 = 340. 100 × 4.80 = 480. మొత్తం 820 రూపాయలు.

201 యూనిట్లు: 200 × 5.10 = 1,020. 1 × 7.70 = 7.70. మొత్తం 1,027.70 రూపాయలు.

ఆ ఒక్క యూనిట్ ఖరీదు 207.70 రూపాయలు! మీటరు పరుగెడుతోందని వచ్చే ఫిర్యాదుల్లో ఎన్నింటికి మూలం ఈ గడప దగ్గరే ఉందో చెప్పలేం. 100 దగ్గరా ఇలాంటిదే ఒక చిన్న గడప ఉంది. 100 యూనిట్లకు 252.50, 101కి 344.80. పైగా కస్టమర్ ఛార్జీ కూడా స్లాబుతోపాటు పెరుగుతుంది.

గృహజ్యోతి లబ్ధిదారులకు ఈ 200 గీత ఇంకా కీలకం. 2024 ఫిబ్రవరి 27న మొదలైన ఈ పథకంలో నెలకు 200 యూనిట్ల వరకు సున్నా బిల్లు వస్తుంది. 200 దాటితే ఆ నెల పైన ఉన్న యూనిట్లకే కాదు, మొత్తం బిల్లు కట్టాలి.

గీత దాటకుండా ఉండాలంటే రీడింగు తీసిన రోజు నుంచి పది రోజులకోసారి మీటరు ఫొటో తీసి పెట్టుకోండి. ఇరవయ్యో రోజుకు 140 యూనిట్లు కాలాయనుకోండి, రోజుకు 7 చొప్పున నెలాఖరుకు 210 అవుతాయి. మిగిలిన పది రోజుల్లో గీజరుకో ఏసీకో రోజూ ఒక గంట తగ్గిస్తే ఈ పక్కనే ఉండిపోతారు. అదే ఇరవయ్యో రోజుకు 190 దాటిపోయి ఉంటే, ఆ నెలకు ఆ పాట్లు మానేయండి, 200 ఎలాగూ దాటుతుంది.

4. ఎనర్జీ ఛార్జీ లెక్కకట్టండి (ఆంధ్రప్రదేశ్)

ఆంధ్రప్రదేశ్‌లో పాత ఏ, బీ, సీ వర్గాలను 2022-23లో తీసేసి అందరికీ ఒకే మెట్ల వరుస పెట్టారు. ఎంత వాడినా మొదటి 30 యూనిట్ల ధర మారదు.

- 30 వరకు: 1.90
- 31 నుంచి 75: 3.00
- 76 నుంచి 125: 4.50
- 126 నుంచి 225: 6.00
- 226 నుంచి 400: 8.75
- 400 పైన: 9.75

240 యూనిట్లు కాలిస్తే ఇలా: 30 × 1.90 = 57. 45 × 3.00 = 135. 50 × 4.50 = 225. 100 × 6.00 = 600. మిగిలిన 15 × 8.75 = 131.25. మొత్తం 1,148.25.

ఇక్కడ గడప దాటితే ఒక్కసారిగా రెండు వందలు పడవు. 226వ యూనిట్‌కు ఎనర్జీ ఛార్జీగా 8.75 మాత్రమే. మొత్తం యూనిట్లన్నిటినీ పై స్లాబు రేటుతో గుణించి, "2,100 రావాలి కదా, 1,148 ఎలా వచ్చింది" అని తికమక పడేవాళ్లూ ఉన్నారు. తెలంగాణ నుంచి విజయవాడకో విశాఖకో మారినవాళ్లు ముఖ్యంగా ఈ తేడా గమనించండి.

5. మిగతావి కలిపి మొత్తం సరిపోల్చండి

హైదరాబాద్‌లో 3 కిలోవాట్ల లోడు, 240 యూనిట్లు అనుకుందాం.

ఎనర్జీ ఛార్జీ: 200 × 5.10 + 40 × 7.70 = 1,328.00
ఫిక్స్‌డ్ ఛార్జీ: 3 × 10 = 30.00
విద్యుత్ సుంకం: యూనిట్‌కు 6 పైసల చొప్పున 14.40
కస్టమర్ ఛార్జీ: మీ బిల్లులో ఉన్న అంకె వేసుకోండి.

కస్టమర్ ఛార్జీ కాకుండా 1,372.40. విద్యుత్ సుంకం రెండు రాష్ట్రాల్లోనూ ఇళ్లకు యూనిట్‌కు 6 పైసలే.

ఆంధ్రప్రదేశ్ బిల్లుకైతే వీటితోపాటు ఇంధన, విద్యుత్ కొనుగోలు ఖర్చుల సర్దుబాటు ఛార్జీ కూడా చూడాలి. డిస్కంలు కరెంటు కొన్న ధర ముందు వేసిన అంచనాను మించితే ఆ తేడాను నెలనెలా వసూలు చేసుకునే ఏర్పాటు ఇది. 2023 ఏప్రిల్ నుంచి యూనిట్‌కు 40 పైసల వరకు బిల్లులో కలపడం మొదలైంది. 240 యూనిట్లకు 40 పైసల చొప్పున 96 రూపాయలు. మీ బిల్లులో ఏ రేటు వేశారో చూసి దానితోనే గుణించండి.

అసలు గందరగోళం గత సంవత్సరాల సర్దుబాట్లతో. ఎప్పుడో వాడిన యూనిట్ల మీద తేల్చిన తేడాను ఇప్పుడు వాయిదాల్లో వసూలు చేస్తుంటారు. ఈ వరుస ఈ నెల యూనిట్లతో ఎంత గుణించినా కుదరదు. అది ఏ ఏడాది, ఏ నెల వాడకం మీద వేసిందో పక్కనే ఉంటే చూడండి, లేకపోతే సెక్షన్ కార్యాలయంలో అడగండి. అద్దె ఇంట్లో కొత్తగా దిగినవాళ్లు మరీ జాగ్రత్తగా చూడాలి. పాత కిరాయిదారు కాల్చిన కరెంటు తాలూకు సర్దుబాటు మీ మీద పడవచ్చు. అది మీటరుతో వచ్చే బాకీ కాబట్టి, ఎవరు భరించాలన్నది ఇంటి యజమానితో ముందే మాట్లాడుకోవడం మేలు.

మీ లెక్కకూ బిల్లుకూ రూపాయి అటూ ఇటూ తేడా ఉంటే పట్టించుకోకండి, పైసలను సర్దడం వల్ల వచ్చేదే అది. పది రూపాయలు దాటి తేడా ఉంటే బిల్లు మీద కేటగిరీ చూడండి. ఇంటికి దుకాణం కేటగిరీ పడి ఉంటే ఏ లెక్కా కుదరదు. ఆ తర్వాత రోజుల లెక్కకు మళ్లీ రండి.

6. లోడు ఎంత రాసుందో చూడండి

బిల్లులో కాంట్రాక్టెడ్ లోడు ఉంటుంది. దాని దగ్గర్లోనే ఆర్‌ఎండీ అని ఇంకో అంకె ఉంటే అది ఆ నెలలో మీ ఇల్లు ఒకేసారి లాగిన గరిష్ఠ లోడు. ఇరవై ఏళ్ల కిందట ఫ్యాన్లు, బల్బుల లెక్కన 1 కిలోవాట్ రాయించిన ఇంట్లో ఇప్పుడు 2 కిలోవాట్ల గీజరు, 1.5 టన్నుల ఏసీ, ఇంకా ఇస్త్రీ పెట్టె ఉంటాయి. ఆర్‌ఎండీ 4 దాటుతుంది. అప్పుడు లోడు పెంచుకోమని నోటీసు, దానితోపాటు డెవలప్‌మెంట్ ఛార్జీలు, అదనపు డిపాజిట్ వస్తాయి.

నెలవారీ ఫిక్స్‌డ్ ఛార్జీ పెరిగేది ముప్పై నలభై రూపాయలే. బరువుగా తగిలేది ఒకేసారి కట్టే మొత్తం. నోటీసు రాకముందే నివారించాలంటే గీజరు, ఏసీ, మోటారు ఒకే సమయంలో నడవకుండా చూడండి. యూనిట్లు తగ్గవుగానీ ఆర్‌ఎండీ తగ్గుతుంది. నిజంగానే వాడకం పెరిగి ఉంటే మాత్రం లోడు పెంచుకోవడమే సరైన పని. మీ వీధి ట్రాన్స్‌ఫార్మర్ సామర్థ్యాన్ని ఈ అంకెలు చూసే నిర్ణయిస్తారు. అందరూ 1 కిలోవాట్ అని రాయించి నాలుగు వాడితే మే నెల రాత్రి ఫ్యూజు ఎగిరేది అక్కడే.

7. డిపాజిట్ వరుసలను వేరుగా చూడండి

ఏసీడీ అని వచ్చే అదనపు డిపాజిట్ ఛార్జీ కాదు, అది మీ డబ్బే. వాడకం పెరిగిన కొద్దీ హామీగా ఉంచమంటారు. విద్యుత్ చట్టం 2003లోని 47వ సెక్షన్ ప్రకారం డిస్కం దాని మీద కనీసం బ్యాంకు రేటు చొప్పున వడ్డీ ఇవ్వాలి. ఆ వడ్డీని బిల్లులో తగ్గించి చూపిస్తారు. పాత బిల్లులు తిరగేసి ఆ తగ్గింపు ఉందో లేదో చూసుకోండి. ఇల్లు అమ్మినా, కనెక్షన్ రద్దు చేసుకున్నా ఈ డిపాజిట్ గురించి అడగడం మరచిపోకండి.

8. ఇంకా అనుమానం ఉంటే మీటరును పరీక్షించండి

మొదట ఇంట్లో దాగిన వాడకాన్ని పట్టుకోవాలి. ఫ్రిజ్, వైఫై పెట్టె, సెట్‌టాప్ బాక్సు అన్నీ ప్లగ్గు తీసేయండి. ఇన్వర్టర్‌ను మరచిపోకండి. కరెంటు పోయి వచ్చాక అది గంటల తరబడి ఛార్జింగ్‌కు లాగుతూనే ఉంటుంది. దానికి వెళ్లే సరఫరా కూడా ఆపండి. మెయిన్ మాత్రం ఆన్‌లోనే ఉంచండి. ఇప్పుడు మీటరు మీద మినుకుమనే చిన్న ఎర్ర దీపాన్ని రెండు మూడు నిమిషాలు చూడండి. మినుకుమంటూనే ఉంటే ఇంట్లో ఏదో ఇంకా నడుస్తోంది, లేదా వైరింగులో లీకేజీ ఉంది. ఎలక్ట్రీషియన్‌ను పిలవండి.

తర్వాత మీటరు దాటాక ఉన్న మెయిన్ స్విచ్ ఆపేయండి. అప్పుడూ దీపం మినుకుమంటుంటే మీటరుకూ మెయిన్‌కూ మధ్య ఎవరో తీగ తగిలించుకున్నారన్న అనుమానం బలపడుతుంది. ఉమ్మడి మెట్లున్న ఇళ్లలో పై వాటా మోటారో, వరండా లైటో అలా కలిసిపోవడం జరిగేదే.

రెండూ బాగుంటే వేగం చూడండి. మీటరు ముఖం మీద ఒక యూనిట్‌కు దీపం ఎన్నిసార్లు వెలుగుతుందో రాసి ఉంటుంది. 3200 అని ఉందనుకోండి. ఇంట్లో అన్నీ ఆపి 1500 వాట్ల హీటర్ రాడ్డు ఒక్కదాన్నే బకెట్ నీళ్లలో పెట్టి స్విచ్ వేయండి. దీపం నిమిషానికి 80 సార్లు వెలగాలి. అంత వేగంగా లెక్కపెట్టడం కష్టం కాబట్టి ఫోనులో ఒక నిమిషం వీడియో తీసి నెమ్మదిగా నడిపి లెక్కపెట్టండి. 1600 అని రాసి ఉంటే 40 సార్లు.

80 రాలేదని వెంటనే గంతులేయకండి. రాడ్డు మీద రాసిన 1500 వాట్లు 230 వోల్టులకు. మీ ఇంట్లో 210 వోల్టులే వస్తుంటే రాడ్డు 1250 వాట్లే లాగుతుంది, దీపం 67 సార్లే వెలుగుతుంది. వోల్టేజి మీటరు తెర మీదే కనిపిస్తుంది, రాడ్డు నడుస్తున్నప్పుడు అదీ రాసుకోండి. 80 రావలసిన చోట 100 వస్తే అప్పుడు అనుమానించాలి.

హెచ్చరికలు రెండు. రాడ్డు స్విచ్ ఆన్‌లో ఉన్నంతసేపు నీళ్లను గానీ ఇనుప బకెట్‌ను గానీ ముట్టుకోకూడదు. ప్లాస్టిక్ బకెట్ వాడండి, పిల్లల్ని దూరంగా ఉంచండి. మీటరు సీలును, మూతను కదపకూడదు. మంచి ఉద్దేశంతో తెరిచినా విద్యుత్ చౌర్యం కేసు పడే ప్రమాదం ఉంది.

9. తేడా నిజమని తేలితే ఇలా అడగండి

1912కు ఫోను చేసి గానీ డిస్కం యాప్‌లో గానీ ఫిర్యాదు నమోదు చేయించి నంబరు తీసుకోండి. నంబరు లేని ఫిర్యాదు గాలిలో మాటే. బిల్లు లెక్కలో తప్పయితే రెవెన్యూ కార్యాలయానికి, మీటరు అనుమానమైతే సెక్షన్ ఏఈకి (అసిస్టెంట్ ఇంజినీరుకు) రాతపూర్వకంగా ఇవ్వండి. మీటరు ఫొటోలు, రెండు నెలల బిల్లులు, మీ లెక్క కాగితం జతచేయండి. "బిల్లు చాలా ఎక్కువ వచ్చింది" అని రాస్తే సాధారణమైన జవాబే వస్తుంది. "34 రోజులకు 215 యూనిట్లు, 30 రోజుల సగటు 190, 200 పైన వర్గం వేశారు" అని రాస్తే ఆ అంకెకు జవాబు చెప్పక తప్పదు.

మీటరు ఎక్కువ తిరుగుతోందని ఫిర్యాదు చేస్తే ఏం చేయాలో కేంద్రం చేసిన విద్యుత్ వినియోగదారుల హక్కుల నిబంధనల్లో ఉంది. 2024 ఫిబ్రవరిలో జరిగిన సవరణ ప్రకారం ఫిర్యాదు అందిన 5 రోజుల్లో అదనపు మీటరు పెట్టి, కనీసం మూడు నెలల వాడకాన్ని రెంటిలోనూ పోల్చి చూడాలి. దరఖాస్తులో ఈ నిబంధనను ప్రస్తావించండి.

ఈలోగా బిల్లు కట్టకుండా ఊరుకోవడం చాలామంది చేసే పొరపాటు. కట్టకపోతే ఆలస్య రుసుము పడుతుంది, సరఫరా ఆపే నోటీసూ వస్తుంది. విద్యుత్ చట్టం 56వ సెక్షన్‌లో దీనికి దారి ఉంది. వివాదం తేలే వరకు, అడిగిన మొత్తంగానీ గత ఆరు నెలల సగటుగానీ ఏది తక్కువైతే అది "అభ్యంతరంతో చెల్లిస్తున్నాను" అని రాసి కట్టవచ్చు. అలా కడితే కరెంటు తీయకూడదు. తీసే ముందు 15 రోజుల రాతపూర్వక నోటీసు ఇవ్వాలని కూడా అదే సెక్షన్ చెబుతోంది. "ఈ రాత్రికే మీ కరెంటు కట్ చేస్తాం, ఈ నంబరుకు ఫోను చేయండి" అని వచ్చే సందేశాలు మోసగాళ్లవి. ఆ లింకులు తెరవకండి.

అక్కడ పని జరగకపోతే వినియోగదారుల ఫిర్యాదుల పరిష్కార వేదికకు, అంటే సీజీఆర్‌ఎఫ్‌కు రాయండి. ప్రతి డిస్కంకూ ఇది ఉంది. దాని తీర్పు నచ్చకపోతే విద్యుత్ అంబుడ్స్‌మన్ దగ్గరికి వెళ్లవచ్చు. విద్యుత్ నియంత్రణ మండలికి నేరుగా ఉత్తరం రాసి ఎదురుచూస్తూ కూర్చోకండి, ఒక్కరి బిల్లు తగవులు తీర్చే చోటు అది కాదు.

అద్దె ఇళ్లకు, సోలార్ పెట్టుకున్న ఇళ్లకు

రెండు వాటాలకు ఒకే మీటరు ఉంటే ఇద్దరూ నష్టపోతారు. తెలంగాణలో చెరో 150 యూనిట్లు కాల్చి చెరో మీటరు ఉంటే ఒక్కొక్కరికి ఎనర్జీ ఛార్జీ 580, ఇద్దరికీ 1,160. అవే 300 యూనిట్లు ఒకే మీటరులో పడితే 1,790. వాటాలు నిజంగా వేరైతే వేరే మీటరుకు దరఖాస్తు చేయమని యజమానిని అడగండి. ఒకే కుటుంబం ఉండే ఇంటికి స్లాబు తప్పించుకోవడానికి రెండో మీటరు పెట్టించాలని మాత్రం చూడకండి, గుర్తిస్తే రెంటినీ ఒకటిగా కలిపేస్తారు. ఇక సబ్‌మీటరు పెట్టి యూనిట్‌కు 10 రూపాయలు వసూలు చేసే యజమానులకు కొదవలేదు. అసలు బిల్లు చూపించమని మర్యాదగా అడగండి. ఆ 300 యూనిట్ల బిల్లులోనే సగటు ఎనర్జీ ఛార్జీ యూనిట్‌కు 6 రూపాయలకు లోపు.

ఇంటి మీద సోలార్ పెట్టుకుంటే బిల్లులో రెండు రీడింగులు కనిపిస్తాయి. లైను నుంచి తీసుకున్న యూనిట్లు, లైనుకు ఇచ్చిన యూనిట్లు. ఎనర్జీ ఛార్జీ ఈ రెంటి తేడా మీద పడుతుంది. ఇచ్చినవి ఎక్కువైతే మిగులు తర్వాతి బిల్లుకు వెళ్తుంది. తేడా సున్నా అయినా ఫిక్స్‌డ్, కస్టమర్ ఛార్జీలు వస్తూనే ఉంటాయి, రాత్రిపూట మీ ఇంటికి కరెంటు ఇచ్చేది ఆ లైనే కాబట్టి. పలకలు ఉత్పత్తి చేసిన యూనిట్లన్నీ బిల్లులో "ఇచ్చినవి"గా కనబడాలని చూసి తప్పు పట్టేవాళ్లుంటారు. పగలు ఇంట్లోనే ఖర్చయినవి ఆ మీటరు దాకా రావు. సోలార్ ఇన్వర్టర్ యాప్‌లో చూపే ఉత్పత్తిలోంచి బిల్లులోని "ఇచ్చినవి" తీసేస్తే, పగటిపూట ఇంట్లో వాడుకున్నది వస్తుంది. రెండు అంకెలూ ఒకే తేదీల మధ్యవై ఉండాలి, అంతే.